తరుముడు చీపురు

గొంకయ్య గురువుకు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి ప్రశ్న అడిగితే, ముందు వాళ్ళ చేతిలో ఏదో ఒక పని పెట్టేవాడు. మోక్షం అంటే ఏమిటని అడిగినవాడికి తడిపిన నార అందించేవాడు. దేవుడున్నాడా అని అడిగినవాడి ముందు కొండచీపురు గడ్డి మోపు పడేసేవాడు. ఆ ఆశ్రమానికి చీపుళ్ళు కట్టడమే బతుకుతెరువు మరి. గడ్డి దులిపి, పుల్లలు ఏరి, మొదళ్ళు సమం చేసి, నారతో బిగించేసరికి చాలామందికి తాము ఏం అడగడానికి వచ్చారో గుర్తుండేది కాదు. గుర్తుపెట్టుకుని మళ్ళీ అడిగే మొండిఘటం ఒక్కడే ఉండేవాడు. అతని పేరు మల్లిదేవుడు.

మల్లిదేవుడు మంచివాడు. ఈ మాట నేను మెచ్చుకుని అనడం లేదు, విసుగొచ్చి అంటున్నాను. చెడ్డవాడు వస్తే తలుపు వేసుకోవచ్చు. మంచివాడు వస్తే ఏం చేస్తాం? ఇంట్లోకి వచ్చి మనకోసమే పాటుపడతాడు. మల్లిదేవుడు రోజూ పొద్దున్నే గురువు ఎదుట కూర్చుని అదే ప్రశ్న అడిగేవాడు.

"గురువుగారూ, మా చలిమిట్టవాళ్ళు చెడ్డవాళ్ళా, కాకిబండ రక్కసులు చెడ్డవాళ్ళా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి."

"నార అందుకో," అనేవాడు గురువు.

ఆ ప్రశ్న ఎక్కడినుంచి పుట్టిందో చెప్పాలంటే ముందు ఆ లోకం సంగతి చెప్పాలి. అది ఇద్దరు చంద్రులు కాసే లోకం. లోయలో చలిమిట్ట, మనుషుల ఊరు. కొండ మీద కాకిబండ, రక్కసుల ఊరు. రెంటికీ మధ్య కొండవాలులో గొంకయ్య ఆశ్రమం. రెండు వెన్నెలల చలికి అక్కడ మనిషి బిడ్డ రాయిలా చల్లగా పుడుతుంది. ప్రాణం ఉంటుంది గాని కదలదు, ఏడవదు. రక్కసి తన అరచేతుల్లోకి తీసుకుని పట్టుకుంటేనే, ఆ వేడికి ఒళ్ళు మెత్తబడి కెవ్వుమంటుంది. రక్కసుల చేతులు కుంపట్ల లాంటివి. అందుచేత చలిమిట్టలో పురుడు పోయాలంటే రక్కసి మంత్రసాని రావలసిందే. ఊరిపెద్ద దగ్గర్నుంచి ఊరిదొంగ దాకా అక్కడ ప్రతి మనిషీ మొదటి ఏడుపు ఏడ్చింది రక్కసి చేతుల్లోనే. మరి ఆ ఏడుపు వినబడగానే ఇంటివాళ్ళు ఏం చేస్తారు? చీపురు తీసుకుని ఆ మంత్రసానిని పొలిమేర దాటేదాకా తరుముతారు.

దానికి తరుముడు అని పేరు. పుట్టిన బిడ్డతో నెత్తురు సంబంధం ఉన్నవాళ్ళే చీపురు పట్టాలి. నోటికి వచ్చినన్ని తిట్లు తిట్టాలి. రక్కసి "చచ్చానర్రా" అని కేకలు పెడుతూ పరుగెత్తాలి. బిడ్డకు పట్టిన కీడు ఆమె వెంట పోతుందని వాళ్ళ నమ్మకం. చీపురు కుచ్చువైపు మడమలకు తగిలీ తగలనట్టు తాకించాలే తప్ప, తిరగేసి కొట్టకూడదని ఒక కట్టుబాటు కూడా ఉంది. కట్టుబాటు పెట్టారంటేనే తిరగేసినవాళ్ళు ఉన్నారని అర్థం. వీపు వాచి ఇంటికి పోయిన రక్కసులు ఉన్నారు. ఆ సంగతి రెండు ఊళ్ళకీ తెలుసు, రెండు ఊళ్ళూ మాట్లాడవు.

ఇక ఆ చీపుళ్ళు ఎక్కడివంటే, గొంకయ్య ఆశ్రమంలో కట్టినవే. మల్లిదేవుడు ఒకనాడు ఆ మాట కూడా అడిగేశాడు.

"మీరు కట్టిన చీపుళ్ళతోనే కదండీ వాళ్ళను కొడుతున్నారు?"

"నేను ఊడ్చుకోవడానికని కట్టాను," అన్నాడు గురువు.

"కానీ కొడుతున్నారు కదా!"

"అవును," అన్నాడు గురువు, ఇంకో చీపురు బిగిస్తూ. ఆ జవాబుతో తృప్తి పడటం ఎవరి తరం? నాకూ తృప్తి లేదు. కానీ ఆయన అంతే.

ఇలా ఉండగా మల్లిదేవుడి అక్క ముమ్మడమ్మకు నొప్పులు మొదలయ్యాయని ఒక ఉదయం చలిమిట్ట నుంచి కబురొచ్చింది. మల్లిదేవుడు పరుగెత్తాడు. అతను వెళ్ళేసరికే మంత్రసాని జటంగి వచ్చి ఉంది. ముసలి రక్కసి. పొట్టి కొమ్ములు, బూడిదరంగు ఒళ్ళు, గచ్చకాయలాంటి కళ్ళు. ఆచారం ప్రకారం దొడ్డిదారిన పశువుల కొట్టంలోంచే లోపలికి వచ్చింది. వస్తూనే ముక్కు మూసుకుంది.

"ఏమిటర్రా ఈ కంపు? ఇళ్ళలో ఎట్లా ఉంటార్రా మీరు?"

జటంగి చాలా మంచిదనీ, పాపం నోరు లేనిదనీ మీరు అనుకోబోతుంటే ఇక్కడే మానుకోండి. ఆమె తన నీళ్ళు తానే తోలుతిత్తిలో తెచ్చుకునేది. ఆమె ముట్టుకున్న చెంబును చలిమిట్టవాళ్ళు పారేస్తారు. మనిషి ముట్టుకున్న చెంబును ఆమె కాలితో కూడా తాకదు. మనుషుల్ని చలిపిండాలు అనేది, అదీ వాళ్ళ ముఖం మీదే. ఆ వాకిట్లో నిలబడి ఎవరు ఎవరిని వెలివేశారో చెప్పమంటే నావల్ల కాదు. కానీ ఆమెకు పని వచ్చు. ఆ రోజు ఆమెకు తొందర కూడా ఉంది.

"కానివ్వు తల్లీ, కానివ్వు," అంది ముమ్మడమ్మ నడుము నిమురుతూ. "అవతల నా కూతురికీ నెలలు నిండాయి. తెల్లారగట్ల నుంచీ మూలుగుతోంది. మా పిల్లలు కొమ్ముమొలకలతో పుడతారు, లోపల తగులుకుంటారు. తిప్పి తీయడం తెలిసినదాన్ని మా ఊళ్ళో నేనొక్కదాన్నే. పొద్దు గుంకేలోపు నేను అక్కడ ఉండాలి."

ఎండ వాకిట్లోకి వచ్చే వేళకు ఆడపిల్ల పుట్టింది. నీలంగా, చల్లగా, గట్టిగా ఉంది. జటంగి రెండు చేతుల్లోకీ తీసుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూస్తూ కూర్చుంది. కాసేపటికి పిల్ల కాలివేళ్ళు కదిలాయి. పెదవి వణికింది. ఆ తరవాత ఇల్లు ఎగిరిపోయేటట్టు ఏడ్చింది.

"చలిపిండం బతికింది," అంది జటంగి. అన్నదే గాని, పిల్లను తల్లి చేతికి వెంటనే ఇవ్వలేదు.

ముమ్మడమ్మ అత్త పోలమ్మ అప్పటికే చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. జటంగి పిల్లను అప్పగించి, చీర పైకి దోపుకుని, పరుగుకు సిద్ధమైంది. పోలమ్మ "ఒసేయ్ కొమ్ముల దానా!" అని మొదలుపెట్టిందో లేదో, మల్లిదేవుడు రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగండి! ఏం తప్పు చేసిందని తరుముతారు?"

పోలమ్మ తెల్లబోయింది. "తప్పు చేసిందని ఎవరన్నారయ్యా? పురుడు పోసింది, తరుముతాం. పక్కకి జరుగు."

"జరుగు నాయనా," అంది జటంగి వెనకనుంచి. "పొద్దెక్కుతోంది."

"మీరు భయపడకండమ్మా. నేనున్నాను."

"నువ్వున్నావనేరా నా భయం!"

ఈ మాట విన్నవాడు ఎవడైనా ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. మల్లిదేవుడు ఆగలేదు. ఏళ్ళ తరబడి దెబ్బలు తిని తిని ఆమెకు అదే న్యాయంలా తోస్తోందని జాలిపడ్డాడు. పోలమ్మ చేతిలోని చీపురు లాక్కుని అటక మీదికి విసిరేశాడు. వీధిలో జనమంతా చూస్తుండగా జటంగి కాళ్ళకు సాష్టాంగపడ్డాడు. తన భుజం మీది శాలువా తీసి ఆమెకు కప్పాడు. "ఈ ఇంటి బిడ్డను బతికించిన చేతులివి, ఈ రోజుతో ఈ దురాచారానికి మంగళం పాడుతున్నాను," అని గొంతెత్తి చెప్పాడు. కొందరు నవ్వారు. కొందరు గొణిగారు. పురిటి మంచం మీద ముమ్మడమ్మ మాత్రం తమ్ముణ్ణి చూసి కన్నీళ్ళు పెట్టుకుంది. ఆ కన్నీళ్ళు నిజమైనవే, అందుకే అతన్ని పూర్తిగా తప్పుపట్టడానికి నాకూ మనసు రాదు.

జటంగి చెయ్యి పట్టుకుని పొలిమేర దాకా నడిపించాడు. ఆమె మధ్యలో చెయ్యి విదిలించుకుని, వెనక ఎవరూ లేకపోయినా, "చచ్చానర్రా! కొట్టకండర్రా!" అని కేకలు పెడుతూ కొండవైపు పరుగు మొదలుపెట్టింది. మల్లిదేవుడు పరుగెత్తి అందుకున్నాడు.

"ఇక ఆ అవసరం లేదమ్మా. మీరు నెమ్మదిగా, గౌరవంగా నడిచి వెళ్ళవచ్చు."

జటంగి అతని ముఖంలోకి చూసి, నుదురు కొట్టుకుని, నడిచి వెళ్ళింది.

మల్లిదేవుడు ఆశ్రమానికి వచ్చి జరిగినదంతా గురువుకు చెప్పాడు. ముఖం వెలిగిపోతోంది. గురువు చీపురు కడుతూనే విన్నాడు.

"ఆమె ఏమంది?"

"ఏమంటుంది గురువుగారూ! నోట మాట రాలేదు."

"ఊఁ," అన్నాడు గురువు. "నార అందుకో."

మధ్యాహ్నం వాలిన తరవాత జటంగి ఆశ్రమం వాకిట్లోకి వచ్చి నిలబడింది. వగరుస్తోంది. చంకలో ఉండచుట్టిన శాలువాను తీసి మల్లిదేవుడి ముఖాన కొట్టింది.

"కప్పుకో! నువ్వే కప్పుకో! నీ ఇల్లు బంగారం గాను, నన్ను రెంటికీ చెడ్డ రేవడిని చేశావు కదరా!"

ఆమె కోపంలో ముందుదీ వెనకదీ కలిపేసి చెప్పింది. నేను సర్ది చెబుతాను. కాకిబండకూ ఒక ఆచారం ఉంది. మనుషుల ఇంటికి పోయిన రక్కసి తిరిగి వస్తుంటే, ఊరి రాతిగోడ మీద నిలబడి చూస్తారు. కింద పొలిమేర నుంచి తిట్లు వినబడాలి. ఒంటిమీద చీపురు దుమ్ము ఉండాలి. అప్పుడు "మనుషుల చేతుల్లోంచి తప్పించుకుని వచ్చింది మన ఆడపడుచు" అని జేజేలు కొట్టి తలుపు తీస్తారు. తిట్లు లేకుండా వచ్చిందంటే మనుషులతో కలిసిపోయిందని లెక్క. మరి జటంగి వచ్చిన తీరు ఏమిటి? తీరిగ్గా నడిచి వచ్చింది, భుజాన మనుషుల శాలువా. పైగా మనిషి ఒకడు ఆమె కాళ్ళకు మొక్కాడన్న వార్త ఆమెకన్నా ముందే కొండెక్కింది. "మొక్కినవాళ్ళ దగ్గరికే పో" అని తలుపు వేసేశారు. వేసినవాళ్ళలో ఆమె సొంత తమ్ముడు ఉన్నాడు.

పాపం, ఆమె మళ్ళీ చలిమిట్టకు దిగింది. పోలమ్మను పిలిచి, ఒక్కసారి తరమవే తల్లీ అని బతిమాలింది. పోలమ్మ తలుపు సందులోంచే, "మావాడు నీ కాళ్ళమీద పడ్డాక ఇక తరుముడేమిటి? కీడు మా ఇంట్లోనే దిగబడింది. అదే ఎట్లా పోతుందా అని నేను ఏడుస్తుంటే," అని గడియ పెట్టుకుంది.

"గోడ అవతల నా కూతురు అరుస్తోంది," అంది జటంగి. గొంతు మొదటిసారి తగ్గింది. "నా చెవులతో విన్నాను. అమ్మా అని పిలుస్తోంది. తలుపు తీయరు."

మల్లిదేవుడి ముఖం పాలిపోయింది. కాని మంచివాడు కదా, ఊరుకుంటాడా? "ఎంత అన్యాయం! సొంత మనిషిని—"

"నన్ను మనిషి అనకు!"

"నేను వస్తానమ్మా. గోడ దగ్గర నిలబడి వాళ్ళకు నచ్చజెబుతాను. మీ తప్పేమీ లేదనీ, మీరెంత గొప్పవారో—"

"నాయనా," అంది జటంగి, పళ్ళు బిగబట్టి. "మనిషి వచ్చి నా మంచితనానికి సాక్ష్యం చెబితే, ఇక ఈ జన్మలో నాకు ఆ తలుపు తీయరు. దండం పెడతాను, ఇంక నాకు మంచి చెయ్యకు."

గురువు లేచాడు. ఆ పూట కట్టిన చీపుళ్ళలోంచి ఒకదాన్ని తీసి, ముడి లాగి చూసి, మల్లిదేవుడి చేతిలో పెట్టాడు.

"ఆ బిడ్డకు మేనమామవి. నెత్తురు సంబంధమే."

మల్లిదేవుడు చీపురు వంకా, గురువు వంకా మార్చి మార్చి చూశాడు. "నేనా? గురువుగారూ, ఇది అన్యాయం కదా?"

"అవును."

"అన్యాయమని తెలిసీ చేయమంటారా? ఇది ఎలా ధర్మం అవుతుంది? అసలు ఆచారాన్నే ఒప్పుకోని నేను..."

"మీ శాస్త్రచర్చ తేలేలోపు నా కూతురు చస్తుంది!" అని అరిచి జటంగి చీర దోపుకుంది. "పద!"

కొండదారి పట్టారు. ముందు ముసలి రక్కసి, వెనక చీపురుతో మల్లిదేవుడు. "వెళ్ళండమ్మా... వెళ్ళు... వెళ్ళిపో," అన్నాడు, ఏడుపు గొంతుతో. చీపురు ఆమె మడమలకు మూరెడు దూరంలో ఊపుతున్నాడు.

"ఇది తరమడమా, అత్తారింటికి సాగనంపడమా?" అంది జటంగి పరుగెత్తుతూనే. "గట్టిగా! గోడ దాకా వినబడాలి. మీ అమ్మమ్మను తలుచుకో. నువ్వు పుట్టిననాడు నన్ను పెంటదిబ్బ దాకా తరిమింది. నోరా అది? కత్తెర!"

మల్లిదేవుడు ఆగిపోయాడు. "నాకు పురుడు పోసింది మీరేనా?"

"నేను కాక మీ తాతా? ఈ చేతుల్లోనే ఏడ్చావు. అప్పుడు మొదలుపెట్టిన ఏడుపు ఇంకా ఆపలేదు. పరుగెత్తరా!"

పరుగెత్తాడు. అమ్మమ్మను తలుచుకున్నాడు. "కొమ్ముల దానా," అన్నాడు మెల్లగా. ఆమె "ఇంకా" అంది. "కొమ్ముల దయ్యమా! శవాలు పీక్కుతినేదానా!" ఆమె "చచ్చానర్రా" అంది. అంతే, ఇక వెతుక్కోవలసిన పని లేకుండా పోయింది. ఒకదాని వెనక ఒకటి వాటంతట అవే వచ్చాయి, అమ్మమ్మ సాగదీసే చోట సాగుతూ, విరిచే చోట విరుగుతూ. ఎప్పుడు నేర్చుకున్నాడో అతనికి తెలియదు. జన్మలో ఒక్కసారి కూడా పైకి అనని మాటలు అవి. ఒక్కటీ తడబడలేదు. చీపురు కుచ్చు ఆమె మడమలకు తగులుతోంది, దుమ్ము లేస్తోంది. నిజం చెప్పాలంటే, పరుగు కూడా కాస్త తేలికైంది.

రాతిగోడ మీద రక్కసులు పోగయ్యారు. ఆడా మగా, ముసలీ ముతకా. "అదిగో జటంగి! తరుముతున్నారు, తరుముతున్నారు!" అని కేరింతలు కొట్టారు. జటంగి గోడ ముందరి బండ మీదికి చేరి, కాళ్ళు తడబడినట్టు నటిస్తూ రెండు చేతులూ పైకెత్తింది. లోపల తలుపు గడియ జరుపుతున్న చప్పుడు మల్లిదేవుడికి స్పష్టంగా వినిపించింది. అక్కడితో ఆగి, వెనక్కి తిరిగి ఉంటే సరిపోయేది. ఈ కథా అక్కడితో అయిపోయేది.

గోడ మీద ఒక పడుచు రక్కసుడు నోటికి చేతులు అడ్డుపెట్టుకుని కేకవేశాడు. "ఒరే చలిపిండమా! పొద్దున మీ ఇంట్లో పుట్టిన రాయి, రేపటికి మళ్ళీ రాయే అవుతుంది చూసుకో!"

గోడంతా పగలబడి నవ్వింది. జటంగి కూడా నవ్వింది. వాళ్ళను నమ్మించడానికి నవ్విందో, నవ్వొచ్చి నవ్విందో, ఎవరూ చెప్పలేరు. ఇన్నేళ్ళుగా ఈ కథ చెబుతున్న నాకూ తెలియదు. మల్లిదేవుడికి మాత్రం నీలంగా పుట్టిన ఆ పిల్ల కాలివేళ్ళు కళ్ళ ముందు కదిలాయి. ఆ తిట్టినవాడు గోడ మీద, అందనంత ఎత్తులో ఉన్నాడు. జటంగి చేతికి అందేంత దూరంలో ఉంది. అతను చీపురు తిరగేసి, మొదలు వైపుతో ఆమె భుజం మీద బలమంతా పెట్టి కొట్టాడు.

దారి పొడుగునా చచ్చాను చచ్చాను అని అరిచిన జటంగి ఇప్పుడు అరవలేదు. మోకాళ్ళ మీద పడింది. మెల్లగా లేచి, భుజం పట్టుకుని అతని వైపు తిరిగింది. గోడ మీదివాళ్ళకు వినబడనంత చిన్నగా మాట్లాడింది.

"ఇందాకటివన్నీ మా ఊరికోసం, నాయనా. ఈ ఒక్కటీ నీది."

తలుపు తెరుచుకుంది. నలుగురు వచ్చి ఆమెను భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఇందాక తలుపు వేసిన తమ్ముడే ఇప్పుడు ముందు నడుస్తూ జేజేలు కొట్టించాడు. ఆమె వాళ్ళ నెత్తుల మీద మొట్టికాయలు వేస్తూ, "దించండ్రా! నా కూతురి దగ్గరికి నడవండ్రా!" అని అరుస్తూ లోపలికి పోయింది. తలుపు మూతపడింది.

మల్లిదేవుడు గోడకు దూరంగా ఒక బండ పక్కన నక్కి కూర్చున్నాడు. కాకిబండలో బిడ్డ బతికి పుడితే పచ్చాకు మంటలో వేసి పొగ పెడతారు. అతను ఆకాశం వంక చూస్తూ ఉండిపోయాడు. లోపలినుంచి అరుపులు వినబడ్డాయి, ఆగాయి, మళ్ళీ వినబడ్డాయి. సూర్యుడు లోయ అంచుకు దిగుతుండగా గోడ వెనకనుంచి తెల్లటి పొగ లావుగా లేచింది. దాన్ని చూసి మల్లిదేవుడు పైకే ఏడ్చాడు. సంతోషంతోనే ఏడ్చాడు. కానీ ఆ ఏడుపు సగంలో ఉండగానే పడుచు రక్కసుడి మాట మళ్ళీ చెవిలో మోగింది. లేచి, గబగబా కొండ దిగాడు.

ఆశ్రమం వాకిట్లో గురువు చివరి మోపు విప్పుకుని కూర్చుని ఉన్నాడు. మల్లిదేవుడు కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టాడు.

"పొగ వచ్చింది గురువుగారూ. బిడ్డ బతికింది."

"మంచిది."

"కాని వాళ్ళేమన్నారో తెలుసా? పొద్దున పుట్టిన పసిగుడ్డును పట్టుకుని మళ్ళీ రాయి అవుతుందన్నారు! పసిదాన్ని అనడానికి నోరెలా వచ్చింది? నేను ఇన్నాళ్ళూ వాళ్ళ తరఫున మా ఊరితో పోట్లాడాను. ఎవరి కోసం పోట్లాడాను? జటంగి కూడా నవ్వింది గురువుగారూ. ఆమె చేతుల్లో ఏడ్చిన పిల్లే కదా! నవ్వింది. ఎంత చెప్పినా ఆ జాతే అంత, వాళ్ళ..." అని ఆగాడు. ఊపిరి పీల్చుకున్నాడు. "కాదు. నేను కొట్టాను. తిరగేసి కొట్టాను. నాకు పురుడు పోసిన ముసలిదాన్ని. తప్పే. కానీ గురువుగారూ, ఆ దెబ్బ చూశాకే కదా వాళ్ళు తలుపు తీశారు? దానివల్లే కదా బిడ్డ బతికింది? అలా చూస్తే మంచే చేసినట్టు. చేయలేదంటారా? ఆమె నవ్వకుండా ఉంటే నేను కొట్టేవాణ్ణే కాదు. మీరు చీపురు ఇవ్వకుండా ఉంటే అసలు ఇదంతా ఉండేదే కాదు. ఇవాళైనా తేల్చి చెప్పండి. వాళ్ళు చెడ్డవాళ్ళా, మా వాళ్ళు చెడ్డవాళ్ళా, నేను చెడ్డవాణ్ణా? మీ నోటితో వినేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

గురువు చేతులు ఆగాయి. ఆ ఆశ్రమంలో ఆయన చేతులు ఆగడం అంతకుముందు ఎవరూ చూడలేదు. పెద్దగా నిట్టూర్చి, శిష్యుణ్ణి ఆపాదమస్తకం చూశాడు. ఎవరు ఏది అడిగినా చేతిలో ఏదో ఒక పని పెట్టే మనిషి, ఆ సాయంత్రం ఏదీ అందించలేదు. అందించడానికి అక్కడ చోటు లేదు. మల్లిదేవుడి పిడికిట్లో చీపురు ఇంకా అలాగే, తిరగేసే ఉంది. కుచ్చు నలిగి, మొదలు ముందుకు పొడుచుకుని. కొండంతా అలాగే దిగి వచ్చాడు గాని అతనికి ఆ ధ్యాసే లేదు.

"ముందు అది కింద పెట్టు, నాయనా," అన్నాడు గొంకయ్య గురువు.